మాట శుభ్రంగా వినిపించాలంటే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు? ఆడియో ఎఫెక్టుల పోలిక

ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫోనుతో తీసిన పాఠానికీ స్టూడియోలో తీసిన పాఠానికీ బొమ్మలో ఉండే తేడాను చూసేవారు రెండు నిమిషాల్లో మరచిపోతారు గాని, శబ్దంలో ఉండే తేడాను వీడియో ముగిసేదాకా భరించవలసి వస్తుంది. భరించలేనివారు మధ్యలోనే ఆపేస్తారు. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరును ఎంచుకునేటప్పుడు రంగులు దిద్దే పనిముట్లకంటె ముందుగా అందులోని ఆడియో ఎఫెక్టులను పరీక్షించి చూడాలని నా అభిప్రాయం. డావిన్చీ రిజాల్వ్, అడోబీ ప్రీమియర్ ప్రో, ఆపిల్ వారి ఫైనల్ కట్ ప్రో, ఐమూవీ, ఉచితంగా దొరికే షాట్‌కట్, కేడెన్‌లైవ్, వాటికి తోడుగా వాడుకోదగిన ఆడియో ఎడిటర్ ఆడాసిటీ, వీటన్నిటినీ ఇక్కడ ఒకే పని దృష్టితో పోలుస్తున్నాను. మామూలు ఇంట్లో, మామూలు మైకుతో రికార్డు చేసిన తెలుగు మాటను వినసొంపుగా చేయడమే ఆ పని. సినిమా మిక్సింగు జోలికి నేను పోవడం లేదు.

మరక ఏ రకమో ముందు తెలియాలి

ఏ సాఫ్ట్‌వేరు మంచిదన్న ప్రశ్నకు జవాబు రికార్డింగులో ఉన్న లోపాన్ని బట్టి మారుతుంది. ఫ్యాను, ఏసీ, కూలరు చేసే చప్పుడు ఆగకుండా ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేరు దాని రూపాన్ని గుర్తుపట్టి తీసివేయగలదు. కరెంటు తీగలనుంచో, ఎర్తింగు సరిగా లేని ఛార్జరునుంచో వచ్చే గుంయ్‌మనే మోత దీనికి భిన్నమైనది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ల వద్ద నడుస్తుంది కనుక ఆ మోత 50, 100, 150 అంటూ దాని గుణిజాల దగ్గర నిలిచి ఉంటుంది. అమెరికాలో రికార్డు చేసినవారికి అది 60, 120, 180 దగ్గర ఉంటుంది. ఆ మోతను తీసే డీ-హమ్ ఎఫెక్టు తెరవగానే ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని అడిగేది అందుకే. హైదరాబాదులో తల్లి రికార్డు చేసి పంపిన ఫైలును డల్లాస్‌లో కొడుకు దిద్దుతూ తన ఊరి లెక్క ప్రకారం 60 నొక్కితే, మోత ఉన్నచోటే ఉండి గొంతు మాత్రం కాస్త పలుచబడుతుంది.

మూడో రకం ప్రతిధ్వని. గ్రానైటు గచ్చు, ఖాళీ గోడలు, గాజు కిటికీలు ఉన్న గదిలో మైకును దూరంగా పెట్టి మాట్లాడితే గొంతే గోడలకు తగిలి తిరిగివచ్చి గొంతుమీద పడుతుంది. మరకా బట్టా ఒకే నూలుతో నేసినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని విడదీయడం అన్నిటికంటె కష్టం. ఇక కుక్కరు విజిలు, ఆటో హారను, పక్కింటి డ్రిల్లింగు మిషను వంటివి వచ్చి పోయే శబ్దాలు. వాటికి ఎఫెక్టులు వెతకడంకంటె ఆ వాక్యాన్ని అదే గదిలో, అదే మైకుతో మళ్ళీ చెప్పి అతికించడమే మేలు.

మొదటి రెండు రకాలకు ఉచిత సాఫ్ట్‌వేరు సరిపోతుంది. మూడో రకం దగ్గరే డబ్బు పెట్టవలసిన అవసరం నిజంగా ఎదురుకావచ్చు. కొనే ముందు మీ రికార్డింగులో ఉన్నది ఏ రకమో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి విని తేల్చుకోండి; ల్యాప్‌టాప్ స్పీకర్లలో 50 హెర్ట్జ్‌ల మోత దాదాపు వినిపించనే వినిపించదు.

తెలుగు మాటకు దెబ్బ తగిలే చోట్లు

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు తగ్గి, ఆ అచ్చు మెల్లగా గాలిలో కలిసిపోతుంది. నాయిస్ గేట్ అనే ఎఫెక్టు చేసే పని, శబ్దం ఒక హద్దుకంటె తగ్గగానే తలుపు మూసివేయడం. ఆ హద్దును కొంచెం ఎక్కువగా పెట్టామంటే "చెప్పాను" అన్నది "చెప్పాన్" అని, "వేయాలి" అన్నది "వేయాల్" అని తెగిపోయి వినిపిస్తుంది. వేరే భాషలో చేసిన ట్యుటోరియల్ చూసి అందులోని అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే ఈ తిప్పలు తప్పవు. గేటును వాడక తప్పనప్పుడు అది మూసుకునే వ్యవధిని, అంటే రిలీజ్‌ను, 200 మిల్లీసెకన్లకు తగ్గకుండా పెట్టుకోవాలి. వీలైతే గేటుకు బదులు ఎక్స్‌పాండర్ వాడాలి, ఎందుకంటే అది తలుపును ఒక్కసారిగా మూయదు, దగ్గరగా వేస్తుంది.

ఒత్తక్షరాల సంగతి ఇంకా సున్నితమైనది. ఖ, ఘ, ధ, భ పలికేటప్పుడు వెలువడే ఊపిరి సాఫ్ట్‌వేరు లెక్కలో ఫ్యాను గాలికి దగ్గరి చుట్టం. చప్పుడును తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎఫెక్టును బలంగా పెడితే ధనం కాస్తా దనమై కూర్చుంటుంది. డీ-ఎస్సర్‌ది కూడా ఇదే కథ: అది 5000 నుంచి 8000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో చెవికి గుచ్చుకునే ఈల వంటి శబ్దాన్ని తగ్గిస్తుంది గాని, మోతాదు మించితే శ, ష, స మూడూ ఒకటై, మాట్లాడేవారికి నత్తి ఉందేమో అనిపిస్తుంది. వార్తలు, ప్రవచనాలు, వ్యాకరణ పాఠాలు చదివేవారికి ఇది చిన్న లోపం కాదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్లను పోల్చేటప్పుడు నేను వాడే మొదటి కొలబద్ద ఒకటుంది: తీసివేసిన భాగాన్ని విడిగా వినిపించగలదా? ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో రెసిడ్యూ అనే ఎంపిక ఉంది. రిజాల్వ్‌లోని నాయిస్ రిడక్షన్‌లో కూడా తీసివేస్తున్న చప్పుడును మాత్రమే వినే మీట ఉంది. అక్కడ ఫ్యాను హోరు మాత్రమే వినిపిస్తే సరే. హోరు మధ్యలో మాటల తునకలు వినిపిస్తున్నాయంటే మోతాదు ఎక్కువైందని అర్థం. కళ్ళతో తరంగాల బొమ్మ చూసి తేల్చుకునేవారికంటె ఈ ఒక్క పరీక్ష చేసుకునేవారు మంచి ఫలితం సాధిస్తారు.

డావిన్చీ రిజాల్వ్

ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ 2016లో ఫెయిర్‌లైట్‌ను కొని, 2017లో వచ్చిన 14వ వెర్షన్‌లో దాన్ని రిజాల్వ్‌లో ఒక పేజీగా చేర్చింది. ఫెయిర్‌లైట్ 1970లలో సిడ్నీలో సింథసైజర్లతో మొదలైన పాత పేరు. అంటే ఇందులోని ఆడియో విభాగం వీడియో సాఫ్ట్‌వేరుకు తోకలా అతికించినది కాదు, వేరే చోట పెరిగి వచ్చినది. ఉచిత వెర్షన్‌లోనే ప్రతి ట్రాకుకూ ఈక్వలైజర్ (లోతైన, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది), కంప్రెసర్ (బిగ్గర మాటను అణచి మొత్తాన్ని సమం చేసేది), గేట్, లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఉంటాయి. నాయిస్ రిడక్షన్, డీ-హమ్మర్, డీ-ఎస్సర్ విడి ఎఫెక్టులుగా దొరుకుతాయి. నాయిస్ రిడక్షన్‌ను రెండు విధాలుగా వాడుకోవచ్చు: మాటను తనంతట తానే గుర్తించే పద్ధతి ఒకటి, ఖాళీ చప్పుడు ఉన్న రెండు మూడు సెకన్లను వినిపించి నేర్పే పద్ధతి మరొకటి. ఫ్యాను చప్పుడుకు నేను రెండో పద్ధతినే ఇష్టపడతాను. అందుకోసం రికార్డింగు మొదలుపెట్టాక ఐదు సెకన్లు మౌనంగా కూర్చునే అలవాటు చేసుకోవాలి.

దీని ఇబ్బంది యంత్రం దగ్గర వస్తుంది. 16 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఇది ఈడ్చుకుంటూ నడుస్తుంది. పైగా ఫెయిర్‌లైట్ పేజీ మొదటిసారి చూసినవారికి విమానం కాక్‌పిట్‌లా కనిపిస్తుంది. ఆ భయం వారం రోజుల్లో పోతుంది, కాని ఆ వారం ఓర్చుకోవాలి. చెల్లింపు వెర్షన్ అయిన స్టూడియోకు కంపెనీ పెట్టిన ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. గొంతును మిగతా శబ్దాలనుంచి విడదీసే వాయిస్ ఐసొలేషన్ ఆ స్టూడియో వెర్షన్‌లోనే ఉంది.

ప్రీమియర్ ప్రో

ప్రీమియర్‌లో 2017లో వచ్చిన ఎసెన్షియల్ సౌండ్ ప్యానెల్ ఆలోచన వేరు. అది ఎఫెక్టు పేరు అడగదు, క్లిప్ ఏమిటని అడుగుతుంది: మాటా, సంగీతమా, ఎఫెక్టు శబ్దమా, పరిసర ధ్వనా? మాట అని చెప్పగానే చప్పుడు తగ్గించడం, అడుగు గరగర తీయడం, డీ-హమ్, డీ-ఎస్, ప్రతిధ్వని తగ్గించడం అనే మీటలు వరసగా కనిపిస్తాయి. కంప్రెసర్ అంటే ఏమిటో తెలియనివారు కూడా అరగంటలో వినదగిన ఫలితం తేగలరు. ప్రతిధ్వనికి విడిగా మీట ఉండడం పెళ్ళి హాళ్ళలో, తరగతి గదుల్లో రికార్డు చేసేవారికి పెద్ద సౌకర్యం.

నెల నెలా లేదా ఏడాదికోసారి చందా కడుతూనే ఉండాలన్నది ఒక లోటు. రెండో లోటు గురించి తక్కువమంది మాట్లాడతారు: ఆ మీటల వెనుక ఏ ఎఫెక్టు ఏ అంకెతో పనిచేస్తున్నదో పైకి కనిపించదు. ఎఫెక్ట్ కంట్రోల్స్ తెరిచి చూస్తే అదంతా అక్కడ ఉంటుంది. కాని ప్యానెల్‌కు అలవాటుపడినవారు అక్కడికి వెళ్ళరు, వెళ్ళకపోవడం వల్ల చెవికి శిక్షణ దొరకదు.

ఆడాసిటీతో జోడీ

షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ ఎమ్ఎల్‌టీ అనే ఒకే పునాదిమీద కట్టిన ఉచిత ఎడిటర్లు. పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా నడుస్తాయి. షాట్‌కట్‌లో హై పాస్ (లోతైన శబ్దాలను తీసేది), లో పాస్ (సన్నని శబ్దాలను తీసేది), నాచ్ (ఒక్క చోటి శబ్దాన్నే తీసేది), గేట్, కంప్రెసర్, లిమిటర్, నార్మలైజ్ ఫిల్టర్లు ఉన్నాయి. మామూలు పనికి అవి చాలు గాని, ఫ్యాను చప్పుడును నేర్చుకుని తీసే పనికి ఆడాసిటీ సాయం తీసుకోవడం మంచిది. ఆడాసిటీ 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి వింటూనే మార్చుకోగల ఎఫెక్టులు ఇందులో చేరాయి. నాయిస్ రిడక్షన్ మాత్రం ఎప్పటిలాగే రెండడుగుల పని: ముందు ఖాళీ చప్పుడును ఎంచుకుని దాని ప్రొఫైల్ తీసుకోవాలి, తరువాత మొత్తానికి వర్తింపజేయాలి. తగ్గింపు 6 నుంచి 12 డెసిబెల్‌ల మధ్య ఉంచితే మాట చెడదు. ఇంకా చప్పుడు మిగిలితే ఒకేసారి 24 పెట్టడంకంటె 6 చొప్పున రెండుసార్లు చేయడం నయం. గొంతు పెద్దదై శబ్దం నెత్తి తెగిన చోట్లకు క్లిప్ ఫిక్స్ అనే ఎఫెక్టు కూడా ఇందులో ఉంది; బాగా తెగినదాన్ని అది బతికించలేదు, స్వల్పంగా తెగినదాన్ని సర్దుతుంది.

ఈ జోడీలో అసలు చిక్కు రాకపోకలది. ఎడిటరు నుంచి మాటను 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా బయటికి తీయాలి, ఆడాసిటీలో శుభ్రం చేయాలి, మళ్ళీ టైమ్‌లైన్‌లో పెట్టాలి. మధ్యలో ఒక్క సెకను కత్తిరించినా పెదవులకూ మాటకూ పొంతన పోతుంది. అందుకని శుభ్రం చేసే పనిని కత్తిరింపులకు ముందే, పూర్తి ఫైలు మీద ముగించాలి. వారానికి ఒక వీడియో చేసేవారికి ఇది భారం కాదు. రోజుకొకటి చేసేవారికి నెల తిరిగేసరికి విసుగు పుడుతుంది.

ఆపిల్ యంత్రాలు, ఫోన్లు

మ్యాక్ ఉన్నవారు ఐమూవీలోనే వెనుక చప్పుడు తగ్గించే మీటనూ, కొన్ని సిద్ధ ఈక్వలైజర్లనూ పొందుతారు. ఒక మాదిరి ఫ్యాను చప్పుడుకు అవి సరిపోతాయి. ఫైనల్ కట్ ప్రోలో 50, 60 హెర్ట్జ్‌ల ఎంపికతో హమ్ రిమూవల్ ఉంది, 2022లో వాయిస్ ఐసొలేషన్ చేరింది. ఫోనులో కైన్‌మాస్టర్ వంటివాటితో చేసే పని చిన్న రీళ్ళకు పనికొస్తుంది. పది నిమిషాల పాఠాన్ని ఫోనులో శుభ్రం చేయమని నేను ఎవరికీ చెప్పను.

కృత్రిమ మేధా, పాత పద్ధతా

ఫైనల్ కట్‌లో, రిజాల్వ్ స్టూడియోలో 2022లోనూ, ప్రీమియర్‌లో ఎన్‌హాన్స్ స్పీచ్ అన్న పేరుతో 2024లోనూ వచ్చిన పనిముట్లు చప్పుడును వెతకవు, మనిషి గొంతును వెతుకుతాయి. గొంతు అనిపించినదాన్ని నిలిపి మిగిలినదంతా తీసివేస్తాయి. ప్రతిధ్వనినీ రోడ్డు రొదనూ పాత ఎఫెక్టులు తాకలేనంత బాగా ఇవి తుడిచేస్తాయి. ఒక్క మాట మాత్రమే ఉన్న రికార్డింగుకు వీటిని మించినవి లేవని ఒప్పుకోవాలి.

అయితే మన వీడియోల్లో మాట ఒంటరిగా ఉండేది తక్కువ. పద్యం పాడేవారి వెనుక శ్రుతి పెట్టె మోగుతూ ఉంటుంది. అది ఆగకుండా సాగే శబ్దం కాబట్టి నాయిస్ రిడక్షన్ దాన్ని ఫ్యానుగా భావిస్తుంది, వాయిస్ ఐసొలేషన్ దాన్ని గొంతు కాదని తోసివేస్తుంది. మా బంధువుల్లో ఒకామె పాడి పంపిన పద్యాలకు నేను మొదట ఈ పొరపాటే చేశాను. హార్మోనియం పూర్తిగా మాయమై, గొంతు నూతిలోనుంచి వచ్చినట్టు వినిపించింది. వంట వీడియోలో తాలింపు చిటపటలదీ అదే గతి. ఆవాలు పేలే శబ్దం లెక్కకు నాయిసే గాని, చూసేవారికి అదే నోరూరించేది. ఇటువంటి చోట మాట ఉన్న ముక్కలను ఒక ట్రాకులోనూ, తాలింపు ముక్కలను మరో ట్రాకులోనూ పెట్టి, ఎఫెక్టును మొదటిదానికే ఇవ్వాలి. పాటకు హై పాస్ ఫిల్టరు తప్ప ఏదీ పెట్టకపోవడం ఉత్తమం.

ఈ మూడు పనిముట్లలోనూ మోతాదు తగ్గించుకునే వీలుంది. నూటికి నూరు పెట్టకుండా 40 నుంచి 60 మధ్య ఉంచి, అడుగున కొంచెం గది చప్పుడును మిగిల్చితే మాట సహజంగా ఉంటుంది. చప్పుడు పూర్తిగా పోయిన గదిలో మనుషులు మాట్లాడరు కదా!

వరస, ఆపై గట్టిదనం

ఏ సాఫ్ట్‌వేరు తీసుకున్నా ఎఫెక్టుల వరస దాదాపు ఒకటే. ముందు 80 హెర్ట్జ్‌ల దగ్గర హై పాస్ పెట్టి, బల్ల తగిలిన దడదడనూ గాలి ఊదునూ తీయాలి. ఆడగొంతుకైతే 100 దాకా వెళ్ళవచ్చు. తరువాత హమ్, చప్పుడు తీసే ఎఫెక్టులు, ఆపైన ఈక్వలైజర్, దాని తరువాత కంప్రెసర్, చివర లిమిటర్. కంప్రెసర్ బిగ్గరగా ఉన్న మాటను తగ్గించి మొత్తాన్ని పైకి లేపుతుంది కాబట్టి, చప్పుడు తీయకముందే దాన్ని పెడితే మాటల మధ్య ఫ్యాను హోరు ఉబికి వస్తుంది. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఈ ఒక్క చోటే. కంప్రెసర్‌లో 3:1 నిష్పత్తి మాటకు సరిపోతుంది. ఈక్వలైజర్‌తో 2000 నుంచి 5000 హెర్ట్జ్‌ల మధ్య రెండు డెసిబెల్‌లు పెంచితే హల్లులు స్పష్టమవుతాయి. ఆరు పెంచితే తలనొప్పి తెస్తాయి.

గట్టిదనాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతతో చూడాలి. యూరప్ ప్రసార ప్రమాణం మైనస్ 23. యూట్యూబ్ సుమారు మైనస్ 14కు మించిన గట్టిదనాన్ని తగ్గిస్తుంది గాని, తక్కువగా ఉన్నదాన్ని పెంచదు. ప్రీమియర్‌లో మాటకు ఆటో మ్యాచ్ నొక్కితే మైనస్ 23కు వెళ్తుంది. షాట్‌కట్ నార్మలైజ్ ఫిల్టరు కూడా మొదట అదే అంకెతో తెరుచుకుంటుంది. దాన్ని అలాగే వదిలి యూట్యూబ్‌లో పెట్టినవారి వీడియో, దాని ముందు వచ్చిన వీడియోకంటె నీరసంగా వినిపిస్తుంది. రిజాల్వ్ నార్మలైజ్ పట్టికలో యూట్యూబ్ పేరుతోనే ఒక ఎంపిక ఉండడం ఈ విషయంలో సుఖం.

ఎవరికి ఏది

16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం, నేర్చుకోవడానికి ఒక వారం తీరిక ఉన్నవారు ఉచిత రిజాల్వ్‌తో మొదలుపెట్టడం మంచిది. నా ఓటు మొదట దానికే. పాఠాలో వంటలో వారానికొకటి చేస్తూ, 4 లేదా 8 జీబీ పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చేవారు షాట్‌కట్, ఆడాసిటీ జోడీని ఎంచుకోవాలి. ఫొటోషాప్ కోసమో మరొకదాని కోసమో అడోబీ వారి మొత్తం చందా ఇప్పటికే కడుతున్నవారు ప్రీమియర్‌ను వదిలి వేరేదానికి పోనక్కరలేదు. ఆడియో కోసమే కొత్తగా ఆ చందా మొదలుపెట్టడం మాత్రం దండగ. మ్యాక్ ఉన్నవారు ఐమూవీలో మూడు నాలుగు వీడియోలు చేసి చూశాకే ఫైనల్ కట్ గురించి ఆలోచించాలి.

ప్రతిధ్వని బాధ ఉన్నవారు రిజాల్వ్ స్టూడియో కొనే ముందు ఒక పని చేయాలి. గోడకు ఆనించి రెండు బొంతలు వేలాడదీసి, కాలరు మైకును గడ్డానికి జానెడు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపి, ఒక్క నిమిషం మాట్లాడి రికార్డు చేయాలి. ఆ నిమిషాన్ని ఉచిత వెర్షన్‌లో హై పాస్, కంప్రెసర్‌లతో సరిచేసి, పాత రికార్డింగు పక్కన పెట్టి వినాలి. అప్పటికీ గది మోత వినిపిస్తుంటే 295 డాలర్లు ఖర్చు పెట్టవచ్చు.